పరస్థానం పెట్టిన పర్మిట్టు

నేపాల్ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో ముగ్గురు నన్ను అభినందించారు. నలభై ఏళ్ళుగా దేవుడు లేడని సభల్లో వాదించిన మనిషి చివరికి యాత్రా బస్సు ఎక్కిందని వాళ్ళ సంతోషం. ఆ సంతోషం పాడుచేస్తున్నందుకు మన్నించాలి. నేను వెళ్ళింది పశుపతినాథుడి కోసం కాదు, బస్సు కోసం.

ఆ బస్సు సువార్తది. నేను పామర్రులో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో మొదటి బెంచీలో కూర్చునేది. ఆదివారం చర్చిలో పాటలు పాడి, సోమవారం క్లాసులో పరిణామ సిద్ధాంతం మీద నాతో వాదానికి దిగేది. ఓడిపోయేది. వారం తిరక్కుండా కొత్త ప్రశ్నతో మళ్ళీ వచ్చేది. వాళ్ళ నాన్న పొలం కూలీ. కూతుర్ని చదివించాడు. ఆమె విజయవాడలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరి, పదిహేనేళ్ళు ఇతరుల బస్సులకు పర్మిట్లు తెచ్చిపెట్టి, చివరికి తన పేరు మీద ఒక బస్సు కొనుక్కుంది.

మన డెల్టా యాత్రా బస్సుల సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. నేపాల్ యాత్ర అని బోర్డు పెడతారు గానీ బస్సు సరిహద్దు దాకే వెళ్తుంది. అక్కడ ముసలీ ముతకా మూటలతో సహా దిగి, అవతలి బస్సు ఎక్కాలి. ఎందుకంటే మనిషి ఆ గేటు దాటడానికి వీసా అక్కర్లేదు గానీ, మనుషుల్ని మోసే బండి దాటడానికి అనుమతి కావాలి. మన రవాణా అధికారులు సంతకం పెట్టి ముద్ర వేసిన పత్రం ఉండాలి. దాన్ని చూసి అవతలి దేశం తన పత్రం ఇస్తుంది. ఆ పైన బీమా, ఫిట్‌నెస్, డ్రైవర్ల లైసెన్సులు, ప్రయాణికుల జాబితా. ఇంత తలనొప్పి ఎవరికి కావాలని మనవాళ్ళు ఇవతలే దింపేస్తారు.

సువార్త ఆ తలనొప్పి కావాలంది. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి పత్రం సంపాదించింది. బస్సుల వాళ్ళు నవ్వారట. "ఆడమనిషి బండి కాశీ దాకే" అన్నారట.

"నా బండి నా పేరు మీద దాటాలి మేడమ్," అని నా దగ్గరికి వచ్చింది. "ఒక్కసారి దాటి వస్తే ఇంక ఆ మాట ఎవరూ అనలేరు. వెనక్కి పంపేశారో, నేనే వాళ్ళ మాట నిజం చేసినదాన్నవుతా. మీరు కూడా రండి. రూల్సు చదివి పెట్టేవాళ్ళు పక్కనుంటే నాకు ధైర్యం."

రెండు దేశాలు రాసుకున్న ఒప్పందాన్ని నేను సంపాదించి చదివాను. పంచాంగంలో లేనిది అందులో ఒకటుంది. మనుషులు మనుషులకిచ్చిన మాట. మీ చక్రాలను మా రోడ్డు మీద నమ్ముతాం, మా చక్రాలను మీరు నమ్మండి అని. ఇంతకన్నా పవిత్రమైన వాక్యం నాకు ఏ గ్రంథంలోనూ కనిపించలేదు. బట్టలు సర్దుకున్నాను.

భవానీపురం మలుపు

మంగళవారం మధ్యాహ్నం విజయవాడ నుంచి బయల్దేరాం. ముప్ఫై ఆరుగురం ప్రయాణికులం. సగం మంది మంగళగిరి చేనేత కుటుంబాలు, సగం మంది పామర్రు చుట్టుపక్కల రైతులు. ఇద్దరు డ్రైవర్లు, ఒక వంటమనిషి, ముందు సీట్లో సువార్త.

పెద్ద డ్రైవరు బసవయ్య గారు. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, మాట తక్కువ. డ్యాష్‌బోర్డు మీద ఒక పక్క ఆయన వినాయకుడు, ఇంకో పక్క సువార్త రాయించుకున్న బైబిలు వాక్యం. మంగళగిరి ఆవిడ ఒకరు ఎక్కుతూనే రెంటినీ చూసి, "ఇదేంటమ్మా, ఎవరి బండి ఇది?" అని అడిగింది.

"బండికి రెండు పక్కలా రెండు అద్దాలు లేవా అమ్మా, ఇదీ అంతే," అంది సువార్త. ఆవిడ నవ్వి, నా పక్కన కూర్చుంది. పేరు నాంచారమ్మ. డెబ్బై ఏళ్ళు. మోకాళ్ళు పనిచేయవు, నోరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

బయల్దేరడం ఆలస్యమైంది. మూడింటికి రాహుకాలం వస్తుందని, ఆలోపే ఊరు దాటాలని బస్సంతా ఒకటే గోల. పామర్రు రైతు పాపారావు గారు సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని క్రికెట్ స్కోరులాగా నిమిషాలు లెక్కపెడుతున్నాడు. భవానీపురం మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. బసవయ్య గారు ఎడమ పక్కకు తీయబోయాడు.

"ఆపకండి బాబూ, పది నిమిషాలే ఉంది," అన్నాడు పాపారావు గారు.

"రెండు నిమిషాలండి, మా చెల్లెలి ఇల్లు," అన్నాడు బసవయ్య గారు.

రాహుకాలం సంగతి నాకు పట్టదు గానీ ఆలస్యం నాకు గిట్టదు. నేను కూడా గొంతు కలిపాను. "చుట్టాలిళ్ళ దగ్గర ఆపడానికి ఇదేమన్నా ఆటోనా బసవయ్య గారూ? పోనివ్వండి."

ఆయన పోనిచ్చాడు.

నాగపూర్, జబల్పూర్

నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించి బయల్దేరిన బస్సులో నాలాంటి దాన్ని కూర్చోబెడితే ఏమవుతుంది? వాదాలవుతాయి. ఖమ్మం దాటేలోపే దిష్టి మీద ఒక వాదం, వరంగల్లు దగ్గర జాతకాల మీద ఇంకొకటి. పాపారావు గారు గట్టి ప్రత్యర్థి. ఓడిపోతున్నప్పుడల్లా జంతికలు పంచుతాడు.

"మేడం గారూ, మీరు చెప్పేవన్నీ నిజమే అనుకోండి. మరి నాట్లు ఆదివారం వేస్తే ఎకరాకి దిగుబడి ఎందుకు తగ్గింది?"

"నీళ్ళు ఎప్పుడొదిలారు?"

"ఆలస్యంగా వదిలారు."

"మరి ఇరిగేషను ఆఫీసుని తిట్టక ఆదివారాన్ని తిడతారేం?"

"ఆదివారమైతే తిరిగి తిట్టదు కదండీ," అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ పాయింటు ఆయనకే ఇచ్చాను.

నాగపూర్‌లో పొద్దున్నే అటుకులు పెట్టారు. నిమ్మరసం పిండి, పైన సన్న కారప్పూస చల్లారు. మనకు అటుకులంటే పిల్లల చిరుతిండి, జ్వరం పథ్యం. అక్కడ కూలీ నుంచి గుమాస్తా దాకా నిలబడి అదే తింటున్నారు. పెసరట్టు ఉప్మా ముప్పావు పళ్ళెం తిని కూడా ఏదో తక్కువైనట్టు లేచే కృష్ణా జిల్లా వాళ్ళం, ఆ చిన్న పొట్లం చూసి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. రెండేసి పొట్లాలు తిన్నాం. జబల్పూర్ వైపు రోడ్డు అడవిలోంచి వెళ్తుంది. వంతెనల కింద అడవి జంతువులు దాటడానికి దారులు వదిలారు. జింకకు కూడా దాటే హక్కు రాసిపెట్టిన ఇంజనీరుకు బస్సులోంచే దణ్ణం పెట్టాను. నేను పెట్టిన దణ్ణం అదొక్కటేనని నాంచారమ్మ అందరికీ చాటింపు వేసింది.

దారిలో ప్రతి రాష్ట్రం చెక్‌పోస్టు దగ్గరా సువార్త తన ఫోను చూపించేది. అందులోనే అన్ని కాగితాలూ ఉన్నాయి. వాళ్ళు చూసి, చేయి ఊపేవాళ్ళు. ఎవరూ అసలు కాగితం అడగలేదు. నేను గర్వపడ్డాను. మన కుర్రతనంలో చెక్‌పోస్టు అంటే వంగి నమస్కారం, చేతిలో నోటు. ఇప్పుడు ఫోను తెర, ఒక చూపు. దేశం ఏమీ మారలేదని నిట్టూర్చేవాళ్ళను ఒకసారి ఈ రోడ్డు మీద తిప్పాలి.

కాశీ

కాశీ గురించి చదివినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అందరూ గంగకు వెళ్ళారు. నేను కచోరీ కొట్టుకు వెళ్ళాను. పొద్దున్నే కచోరీతో పాటు జిలేబీ తినే ఊరది. తీపీ కారమూ ఒకే ఆకులో. మట్టి కప్పులో టీ తాగి, కప్పును నేలకేసి కొట్టాలి. నాకు చేతులు రాలేదు. కడిగి సంచిలో వేసుకున్నాను. టీ కొట్టతను ఆ సంగతి పక్కవాళ్ళకు చెప్పుకుని నవ్వుకున్నాడు.

అసలు కాశీలో జరిగిన ఘనకార్యం నాంచారమ్మది. ఒక చీరల కొట్లో చేనేత అని చెప్పి చీర పరిచారు. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. చీరను తిరగేసి, అంచును వెలుతురుకు పట్టి, వేలితో తడిమి, తల అడ్డంగా ఊపింది. మగ్గం మీద బట్టను బిగించి పట్టే కర్ర సూదుల గుర్తులు అంచున ఉంటాయట. ఆ చీరకు లేవు. కొట్టువాడు ఒట్టు వేశాడు, గంగమ్మ పేరెత్తాడు. ఆవిడ తను కట్టుకున్న మంగళగిరి చీర అంచు తీసి అతని చేతిలో పెట్టింది. కొట్లో వెనక కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, ఆ అంచును చూసి, కొడుకుతో ఏదో అన్నాడు. కొడుకు మొదటి చీర మడిచేసి లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు.

"ఇదీ," అంది నాంచారమ్మ. కొనలేదు. చూసి ఆనందించి లేచింది.

"కొనకపోతే ఎందుకండీ అంత గొడవ?" అని పాపారావు గారు అడిగాడు.

"వాళ్ళకి తెలిసిందా లేదా?" అంది.

సత్యశోధన గురించి నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

సోనౌలీ

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికల్లా సోనౌలీ చేరాం. సరిహద్దు అంటే ముళ్ళకంచె, తుపాకులు ఊహించుకున్నాను. మన విజయవాడ బీసెంట్ రోడ్డుకు ఒక గేటు పెట్టినట్టుంది. సైకిళ్ళ మీద కూరగాయలు, బడి పిల్లలు, కోళ్ళ బుట్టలు అటూ ఇటూ పోతున్నాయి. పక్కన మైళ్ళ పొడవున లారీలు ఆగి ఉన్నాయి. బస్సును ఇవతల ఆపి, సువార్తా నేనూ బసవయ్య గారూ నడిచి అవతలి ఆఫీసుకు వెళ్ళాం. మధ్యవయసు ఆఫీసరు. మర్యాదగానే ఉన్నాడు. సువార్త ఫోను తీసింది.

"ఇది ఇక్కడ పనికిరాదమ్మా," అన్నాడు హిందీలో. "ముద్ర ఉన్న అసలు పత్రం చూపించండి."

సువార్తకు తొట్రుపాటేమీ లేదు. జిరాక్సులు తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, అసలు ఫైలు విజయవాడలోనే పెద్ద డ్రైవరు చేతికిచ్చింది. బండిలో పెట్టమంది. బయల్దేరే ముందు శనివారం నాడు నేను ఆ ఫైలును ఒక్కొక్క కాగితం సరిచూశాను కూడా.

"బసవయ్య గారూ, ఫైలు తీసుకురండి," అంది.

"బండిలో లేదమ్మగారూ," అన్నాడు. "భవానీపురంలో ఉంది. మా చెల్లెలి ఇంట్లో. దేవుడి గూట్లో."

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పరస్థానం అని ఒక ఆచారం ఉంది. ప్రయాణం చేయాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో సామానేదైనా తీసుకెళ్ళి వేరే వాళ్ళింట్లో పెడతారు. అంటే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. అసలు రోజున వెళ్తూ వెళ్తూ దాన్ని తీసుకుంటారు. మంగళవారం ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదంటారు. బసవయ్య గారు ఆదివారం మంచి ఘడియ చూసి, బండి తరఫున, బండికి అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువును పరస్థానం పెట్టాడు. ఆ ఫైలును. మంగళవారం తీసుకుందామని మలుపు దగ్గర నెమ్మదించాడు. రాహుకాలం తరిమింది. దారిలో ఫోను చూపిస్తే సరిపోతోంది కదా, ఇక్కడా సరిపోతుందిలే అని ఆరు రోజులు గుండెల్లో పెట్టుకుని నడిపాడు.

ఒక దుర్ముహూర్తానికి భయపడి పెట్టిన కాగితాన్ని ఇంకో దుర్ముహూర్తానికి భయపడి వదిలేశాం.

నేను ఊరుకోలేదు. ఊరుకోవాల్సింది. ఆఫీసు బయట రోడ్డు మీద, వచ్చే పోయే జనం ముందు, బసవయ్య గారిని కడిగేశాను. రెండు ప్రభుత్వాల సంతకం గూట్లో దీపం పక్కన పెట్టే వస్తువా అన్నాను. మీ శూల బస్సుకు తగల్లేదు, ఆ అమ్మాయి కష్టానికి తగిలింది అన్నాను. సభలో అయితే చప్పట్లు పడేవి. ఆయన తల దించుకుని అన్నీ విన్నాడు.

సువార్త నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "మేడమ్, మీరన్నది ప్రతి మాటా నిజం. కానీ ఇక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు మీద ముప్ఫై ఆరు మందిని తీసుకెళ్ళాల్సింది ఆయన చేతులు. వాటిని వణికించకండి."

ఇంతలో ఒక దళారీ వచ్చాడు. ప్రతి గేటు దగ్గరా పుట్టే జాతి. "అసలు పత్రం లేకపోయినా పని అవుతుంది మేడమ్, నాకు వదిలేయండి," అన్నాడు.

"నువ్వు దాటిస్తే అది నీ పర్మిట్టు అవుతుందయ్యా," అంది సువార్త. "నాది కాదు."

తర్వాత ఫోను తీసి భవానీపురానికి చేసింది.

మామిడితోట

గేటుకు ఇవతల మైలు దూరంలో, వెనక మామిడితోట ఉన్న ఒక సత్రం దొరికింది. అందరినీ తోటలో కూర్చోబెట్టి సువార్త ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు ఎవరిదో చెప్పలేదు. "అసలు కాగితం రావడానికి రెండు రోజులు పడుతుంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు అవతలి బస్సు నేనే మాట్లాడి పెడతాను. అందరూ చేసేది అదే. అదేం తప్పు కాదు."

పాపారావు గారు లేచాడు. "అమ్మాయ్, నీ పట్టుదల మెచ్చుకోవాల్సిందే. కానీ మేమంతా ఎవరి పని వాళ్ళు ఆపుకొని వచ్చాం. మన బస్సయినా వాళ్ళ బస్సయినా కొండ ఎక్కడమే కదా. అందరూ చేసేదే మనమూ చేద్దాం."

చాలామంది తలలూపారు. న్యాయంగా చూస్తే ఆయన మాటలో తప్పు లేదు. సువార్త సరేనని తలూపింది. కానీ ప్రయాణికులు వేరే బస్సులో వెళ్ళాక ఖాళీ బండిని దాటించి ఏం ప్రయోజనం?

నాంచారమ్మ కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది. "ఏమయ్యా పాపారావూ, మగ్గం మీద పడుగు తెగితే ఏం చేస్తాం? కూర్చుని పోగు పోగూ ముడేసుకుంటాం. తెగింది కదా అని పక్కింటి మగ్గం మీద నేస్తామా? నేనైతే ఎక్కిన బండి దిగను. నా మోకాళ్ళు ఒప్పుకోవు. నా మనసూ ఒప్పుకోదు."

"మీ మోకాళ్ళ కోసం అందరం ఆగాలా అత్తా?"

"ఆగక్కర్లా. మీరు వెళ్ళండి. వెళ్ళి, మా బండి ఓనరమ్మని గేటు దగ్గర వదిలేసి దేవుణ్ణి చూసొచ్చామని పామర్రులో చెప్పుకోండి."

ఆ మాటకు మంగళగిరి వాళ్ళలో ఒకాయన లేచి, బస్సు మీంచి వంట సామాను దింపడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుతో సంగతి తేలిపోయింది. పాపారావు గారు గొణుక్కుంటూ వెళ్ళి గ్యాసు సిలిండరు ఒక చెయ్యి పట్టాడు.

ఆ రెండు రోజులూ మేం ఒక చిన్న కృష్ణా జిల్లాను అక్కడ దించాం. ముద్దపప్పు, ఆవకాయ, చింతపండు పులుసు. వంటమనిషి కారం వేస్తుంటే చూడ్డానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళు. ఒకావిడ ఆవకాయ నాకి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చేయి చాపింది. బదులుగా వేయించిన శనగపిండి కూరిన గోధుమ ముద్దలు నిప్పుల మీద కాల్చి తెచ్చింది. లోపల ఆవనూనె, వాము, పచ్చిమిర్చి. ముద్దను నేతిలో ముంచి తినాలి. మన వాళ్ళు మొదట వాసన చూశారు, తర్వాత మాట్లాడ్డం మానేశారు.

అవతల గడియారం మన కన్నా పావుగంట ముందు నడుస్తుందని అక్కడే తెలిసింది. పాపారావు గారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడం గారూ, అయితే రాహుకాలం గేటుకి ఇటు ఒకప్పుడు, అటు ఒకప్పుడు వస్తుందా?"

"గేటు మధ్యలో నిలబడితే ఒక కాలికి వచ్చి ఇంకో కాలికి రాదండి," అన్నాను.

ఆయన తన రెండు కాళ్ళ వంక చూసుకున్నాడు. "ఇన్ని రోజులూ మీరు చెప్పినవాటికన్నా ఇది బాగుంది," అన్నాడు.

బసవయ్య గారు మాత్రం మొదటి రోజు అన్నం ముట్టలేదు. బస్సు కడుగుతూనే ఉన్నాడు. కడిగిన చక్రం మళ్ళీ కడిగాడు. సాయంత్రం నేనే పళ్ళెం తీసుకెళ్ళాను.

"తినండి బసవయ్య గారూ."

"ఆకల్లేదు మేడం గారూ."

"నేను అన్న విషయం వెనక్కి తీసుకోను. అన్న పద్ధతి తీసుకుంటున్నాను. నలుగురిలో అలా అనకూడదు."

ఆయన గుడ్డ పిండుతూ అన్నాడు. "మీరన్నది కాదండి బాధ. ఇరవై ఏళ్ళు డ్రైవరుగా చేశాను. కాగితాలు ఎవరూ నా చేతికి ఇవ్వలా. అనుమానం. ఈ తల్లి ఇచ్చింది. అంత విలువైంది కదా, మామూలుగా డబ్బాలో పడేయకూడదనిపించింది. అందుకే తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టా."

నాలుగు దశాబ్దాల వాదాల్లో ఆ మాటకు సమాధానం నేను తయారుచేసుకోలేదు. పైగా ఇంకొకటి ఆలస్యంగా తట్టింది. భవానీపురం మలుపులో "పోనివ్వండి" అన్న గొంతుల్లో ఒకటి నాది. రాహుకాలం నమ్మేవాళ్ళు ఆయన్ను ఒక పక్క నుంచి తోస్తే, నమ్మని నేను ఇంకో పక్క నుంచి తోశాను. చెల్లెలింట్లో పనేమిటని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"అదేంలెండి," అన్నాడు. పళ్ళెం అందుకున్నాడు. "పులుసులో బెల్లం వేశారా?"

"కొంచెం."

"బెల్లం వేయకూడదండి పులుసులో. గుంటూరోళ్ళు చెడగొట్టారు," అని ముద్ద కలిపాడు.

వెంకటలక్ష్మి

బుధవారం మధ్యాహ్నం ఒక జీపులోంచి ఒకావిడ దిగింది. కాటన్ చీర, చేతిలో గుడ్డ సంచి, కళ్ళ కింద రెండు రోజుల రైలు ప్రయాణం. బసవయ్య గారి చెల్లెలు వెంకటలక్ష్మి. భవానీపురంలో ఇడ్లీ బండి నడుపుతుంది. గుంటూరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదట. రైల్లో గోరఖ్‌పూర్ దాకా, అక్కణ్ణుంచి జీపులో ఇక్కడి దాకా, "సోనౌలీ" అన్న ఒక్క మాటతో వచ్చేసింది.

"కొరియర్లో పంపొచ్చు కదమ్మా," అన్నాను.

"ఎక్కడ పడేస్తారోనండి. అందులో ఆ అమ్మాయి బతుకుందని అన్నయ్య చెప్పాడు," అంటూ పైట కింద నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పింది. ఫైలు నలగలేదు. పై కాగితం మీద చిన్న కుంకుమ మచ్చ ఒకటుంది, అంతే.

నాకు ఒక అనుమానం తీరలేదు. "దేవుడి గూట్లో పెట్టింది తీశారు కదా, మంచి ఘడియ చూసే తీశారా?"

"ఎక్కడండీ. ఫోనొచ్చేసరికి రాహుకాలమే నడుస్తా ఉంది," అంది. "బండి ఆగిపోయిందంటా ఉంటే ఇంక రాహువేంటండి? పిండి గిన్నె మూతేసి, పక్కింటావిడకి తాళం ఇచ్చి వచ్చేశా."

నేను ఎన్నో ఊళ్ళలో మైకు ముందు అడిగిన పని అది. ఎవరూ అడక్కుండానే, పక్కనెవరూ చూడకుండానే, తన ఇంట్లో తను చేసి వచ్చింది. ఆ క్షణాన మా కృష్ణా ఒడ్డు మనుషులంటే నాకు కలిగిన గర్వం ఇంత అని చెప్పలేను.

సువార్త ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. వెంకటలక్ష్మి చేతులు విడిపించుకుని, సంచిలోంచి డబ్బా తీసి, "కారప్పొడి తెచ్చా. ఇడ్లీలు పెట్టుకునే వీలుందా ఇక్కడ?" అంది.

గేటు

అదే ఆఫీసు, అదే ఆఫీసరు. సువార్త ఫైలు బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కో కాగితం తిప్పాడు. మన ముద్రను వేలితో తడిమి చూశాడు. దిండంత రిజిస్టరు తెరిచి, బండి నంబరు రాసుకున్నాడు. పెన్ను బసవయ్య గారి వైపు చాపాడు.

"యజమాని ఇక్కడ సంతకం పెట్టాలి."

బసవయ్య గారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. గడ్డంతో సువార్తను చూపించాడు.

ఆఫీసరు ఆమెను చూశాడు, కాగితంలో పేరు చూశాడు. "మీ ఆయన రాలేదా?"

"పామర్రులో ఉన్నారండి. చేపల చెరువు చూసుకుంటారు."

"మరి బండి?"

"బండి నేను చూసుకుంటాను."

ఆఫీసరు పెన్ను ఇటు తిప్పి ఇచ్చాడు. సువార్త సంతకం తెలుగులో పెట్టింది, పూర్తి పేరు, తొందర లేకుండా. ఆయన దాని పక్కన ముద్ర వేసి, ఆరేదాకా ఊది, వాళ్ళ దేశపు పత్రం చేతికిచ్చాడు.

బయటికి వచ్చేసరికి రెండో డ్రైవరు బస్సును గేటు ముందుకు తెచ్చి నిలబెట్టాడు. లోపల అందరూ కిటికీలకు అతుక్కున్నారు. వెంకటలక్ష్మిని నాంచారమ్మ అప్పటికే నా సీట్లో కూర్చోబెట్టేసింది. ఇక్కడి దాకా వచ్చినదాన్ని వెనక్కి పంపడమేమిటి, జాబితాలో పేరు రాయించమంది. రాయించాం. బసవయ్య గారు వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని, సువార్త కోసం ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఆమె ఎక్కలేదు.

"మీరు పోనివ్వండి బసవయ్య గారూ. నేను నడుస్తా."

"అదేంటమ్మా, ఎక్కండి. వెనక లారీలున్నాయి."

"లోపల కూర్చుంటే నాకు కనబడదు కదండీ. నా బండి దాటుతుంటే నేను చూడొద్దా?"

ఆయన తలుపు మూశాడు. గేరు వేశాడు. నేనూ రోడ్డు పక్కనే నిలబడిపోయాను. పక్క రేకు మీద విజయవాడ అని రాసి ఉన్న మా తెల్లటి బస్సు, ఆంధ్ర నంబరు ప్లేటుతో, గేటు కిందికి వచ్చింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పోలీసు త్వరగా రమ్మని చేయి ఊపుతున్నాడు. బసవయ్య గారు ఆ చేతినీ చూడలేదు, హారన్లూ వినలేదు. ఆయన చూపంతా పక్క అద్దంలో ఉంది. సువార్త చెప్పులు ఎంత వేగంగా కదిలితే అంతే వేగంతో ఆ బస్సు గేటు దాటింది.